పేలిన గొట్టం, ఒప్పుకున్న మేస్త్రి

చేయని తప్పును తన మీద వేసుకున్నవాడు అబద్ధం ఆడినట్టా, కాదా? ఈ సందేహం నన్ను చాలా ఏళ్లుగా వదలకుండా పట్టుకుని ఉంది. అబద్ధం పాపమని చిన్నప్పుడే నేర్పారు. మరి అలాంటి అబద్ధం ఆడినవాడి ముందు మనకు తల ఎందుకు వంగుతుంది? పొద్దున్నే దీపం పెట్టి దండం పెట్టుకునేటప్పుడు దేవుణ్ణి కూడా అడిగి చూశాను. ఆయన జవాబు చెప్పలేదు గానీ, అడిగినప్పుడల్లా తుపాకుల మేస్త్రి సంగతి గుర్తు చేస్తూ వచ్చాడు.

ఆ శుక్రవారం ఉదయం డిటెక్టివ్ ఆఫీసు తలుపులు అప్పుడే తీశారు. ఆఫీసంటే ఒక ఇంటి ముందు గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు ఆ ఆఫీసు పెట్టిన పెద్దమనిషి ఫోటో. ఆయన పోయాక బోర్డు దించేస్తారని అందరూ అనుకున్నారు. ఆయన భార్య బోర్డుకు కొత్త రంగు వేయించింది. అప్పటినుంచి కేసులన్నీ ఆవిడే చూస్తోంది. వెంట సంచీ పట్టుకుని తిరిగేది ఆవిడ అల్లుడు. అతను "అత్తయ్యగారూ" అని పిలవడం వినీ వినీ ఊరంతా ఆవిడకు అత్తగారు అనే పేరు ఖాయం చేసింది.

"ఎవరో అమ్మాయి గేటు దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తోంది అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు కిటికీలోంచి చూస్తూ.

"ఆలోచిస్తోందంటే చెప్పాల్సింది రెండు సంగతులు ఉన్నట్టు. ఒకటి చెప్పేది, ఒకటి దాచేది. వెళ్లి పిలుచుకురండి."

ఆ అమ్మాయి వచ్చి కూర్చుంది. చేతులు నూనె, ఇనుప రజను పట్టి గోళ్ల చుట్టూ నల్లగా ఉన్నాయి. చీర కుచ్చెళ్ల మీద గోడ సున్నం అంటుకుని ఉంది. తుపాకుల మేస్త్రి కూతురినని చెప్పింది.

ఊళ్లో ఆ ప్రమాదం సంగతి తెలియనివారు లేరు. పాత తుపాకుల పోటీలో, మూతిలోంచి మందు కూరి కాల్చే తుపాకి ఒకటి పేలిపోయింది. కాల్చినాయన బడిలో డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి. గురి తప్పడు కాబట్టి అందరూ గురి మాస్టారు అంటారు. ఆయన ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోయింది. ఆ తుపాకికి కొత్త గొట్టం చేసిచ్చింది మేస్త్రి. తప్పు తనదేనని ఆయన అక్కడికక్కడే అధికారి ముందు ఒప్పుకున్నాడు.

"సోమవారం అధికారి వచ్చి సంతకం తీసుకుంటారట," అంది ఆ అమ్మాయి. "సంతకం పెడితే లైసెన్సు పోతుంది, నాన్న జైలుకు వెళ్తాడు. ఆయన ఈ వయసులో జైలు తట్టుకోలేడు అమ్మగారూ."

"తప్పు ఆయనది కాదని నీకెలా తెలుసు?"

 ఆ అమ్మాయి తన చేతులు తానే చూసుకుంది.

"ఆ గొట్టం నాన్న చేయలేదు. ఆయన చేతులు వణుకుతున్నాయి, చాలా రోజులైంది. లేత్ మీద ఆ గొట్టం తొలిచింది నేను. బయట ఎవరికీ తెలియదు. నిజం చెప్తానంటే నాన్న నన్ను నోరెత్తనివ్వడం లేదు. ఒట్టు వేయించుకున్నాడు. మీకు చెప్పి ఆ ఒట్టు తప్పాను. తప్పు నాదైతే నాదని తేల్చండి. కాకపోతే ఎవరిదో తేల్చండి. అంతే గానీ నాకోసం ఆయన వెళ్లకూడదు."

అత్తగారు లేచి చెప్పులు వేసుకుంది.

"పద, మీ ఇల్లు చూద్దాం. కుచ్చెళ్లకు ఆ సున్నం ఏమిటమ్మా?"

"మేం కిటికీలోంచి వస్తున్నాం, పోతున్నాం," అంది మేస్త్రి కూతురు.

అది నిజమే. వీధి వైపు వర్క్‌షాపు, దాని వెనక రెండు గదుల ఇల్లు. ఇంట్లోకి దారి వర్క్‌షాపులోంచే. అధికారి వీధి తలుపుకు తాళం వేసి, లక్క సీలు కొట్టి వెళ్లాడు. వెనక మనుషులు కాపురం ఉంటున్నారన్న సంగతి ఆయనకు తట్టలేదు. తట్టిన తర్వాత సీలు తీసే అధికారం సోమవారం దాకా లేదట. పక్క సందులో కిటికీ ఊచలు రెండు ఊడదీసి, కింద ఒక స్టూలు వేసుకుని తండ్రీకూతుళ్లు కాలం గడుపుతున్నారు.

అల్లుడు ముందు ఎక్కి, అత్తగారికి చెయ్యి అందించాడు.

"పెళ్లిచూపులకు కూడా నన్నింత జాగ్రత్తగా నడిపించలేదు మా వాళ్లు," అంది ఆవిడ లోపలికి దిగుతూ.

గది ఇరుకుగా, నూనె వాసనతో ఉంది. వీధి గాలి రాదు. ఆరేసిన బట్టలు తలకు తగులుతున్నాయి. మేస్త్రి గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉన్నాడు. సీలు పడ్డ నాటి నుంచి ఆయన కిటికీ దిగలేదని కూతురు దారిలోనే చెప్పింది. తప్పు చేసినవాడు దొంగలా కిటికీలోంచి పోకూడదన్నది ఆయన మాట.

"మీరెందుకొచ్చారు అమ్మా? నేను ఒప్పుకున్నానుగా. గొట్టంలో లోపం ఉంది, పేలింది. ఇంకేముంది వెతకడానికి?" అన్నాడు మేస్త్రి.

"ఏం లోపం?"

"ఉక్కులో."

"ఉక్కులోనా, తొలచడంలోనా?"

మేస్త్రి చూపు ఒక్క క్షణం కూతురి వైపు వెళ్లి వచ్చింది. "ఉక్కులోనే. తొలచడంలో వెంట్రుకవాసి తేడా కూడా లేదు."

"ఆ గొట్టంతో అంతకుముందు కాల్చారా?"

"చాలాసార్లు. ఇక్కడే వెనక దొడ్డి గోడకు గురిపెట్టి నేనూ కాల్చి చూశాను. తర్వాతే ఇచ్చాను."

అత్తగారు తల ఊపి, ఇంటికీ వర్క్‌షాపుకూ మధ్య ఉన్న తలుపు దగ్గరికి వెళ్లింది. దానికీ సీలు ఉంది. పై సగం అద్దం. అద్దానికి ముఖం ఆనించి చూసింది. లోపల పని బల్ల మీద, అధికారి తెచ్చి పెట్టించిన పేలిన తుపాకి ఉన్నది ఉన్నట్టుగా పడి ఉంది. కిటికీలోంచి పడే వెలుగులో గొట్టం స్పష్టంగా కనిపిస్తోంది. కట్టెలో బిగించిన మొదలు దగ్గర గొట్టం చెక్కుచెదరలేదు. దానికి జానెడు ముందు మాత్రం చుట్టూ ఉబ్బి, ఒక పక్క చీలిపోయింది.

"ఎలకను మింగిన పాములా ఉంది కదూ," అంది అల్లుడితో.

"అవునండీ. ఒక్క చోటే ఉబ్బింది."

"ఆ ఒక్క చోటే గుర్తు పెట్టుకోండి." ఆవిడ వచ్చి మళ్లీ మేస్త్రి ఎదురుగా కూర్చుంది. "నాకు తుపాకి అంటే తెలియదు. మాస్టారు దాన్ని ఎలా కూరతారో కాస్త చెప్పండి."

పని గురించి అడిగేసరికి మేస్త్రి ముఖంలో కొంచెం కళ వచ్చింది. ముందు మూతిలోంచి మందు పోస్తారని, తర్వాత సీసపు గుండును గుడ్డలో చుట్టి మూతిలో పెట్టి, పొడుగాటి కర్రతో కిందికి దించుతారని చెప్పాడు. "గుండు మందు మీద సరిగ్గా కూర్చోవాలి. కొత్త గొట్టం బిగించిన రోజున అలా కూర్చోబెట్టి, గొట్టం మూతికి సమానంగా కర్ర మీద నేనే గాటు పెట్టాను. గాటు మూతి దగ్గరకు వచ్చిందంటే గుండు చేరినట్టే. మాస్టారు అసలు కర్ర వంక చూడడు. జనంతో కబుర్లు చెబుతూ బొటనవేలితో గాటు తడుముకుని ఆపేస్తాడు. ఆ పైన ఒక్క పిసరు కూడా నొక్కడు. మందును నలపకూడదంటాడు. అదో డాబు ఆయనకు."

"గుండుకూ మందుకూ మధ్య ఖాళీ మిగిలితే?"

"అప్పుడు గుండు సీసాకు బిరడాలా అడ్డం పడుతుంది. ప్రమాదం. కానీ గాటు ఉండగా అలా జరగదమ్మా. ఆ కర్రను ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వడు." మేస్త్రి నవ్వాడు. అది నవ్వులా లేదు. "నా సానరాయి ఒకటి ఆయన దగ్గరే ఉంది. కుర్రతనంలో అరువు తీసుకున్నాడు. అడిగితే రేపు అంటాడు. ఇంకే మొహం పెట్టుకుని అడుగుతాను?"

*

గురి మాస్టారి ఇల్లు రెండు వీధుల అవతల. తలుపు తీసింది ఆయన బావమరిది. అక్క ఇంట్లోనే ఉంటూ బజారు పనులు, బయటి పనులు చూసే మనిషి. చొక్కా పాతదే గానీ కాళ్ల బూట్లు మాత్రం అద్దంలా మెరుస్తున్నాయి. అల్లుణ్ణి చూసి పలకరింపుగా నవ్వాడు.

"మీరు అత్తవారింట్లో, నేను అక్కవారింట్లో. మనిద్దరిదీ ఒకటే ఉద్యోగమండీ. జీతం ఉండదు, సెలవూ ఉండదు."

"నాకు ప్రమోషన్ కూడా వచ్చింది, సంచీ మోస్తున్నాను," అన్నాడు అల్లుడు.

మాస్టారు కిటికీ పక్కన వాలుకుర్చీలో ఉన్నాడు. ఎడమ చేతికి లావుగా కట్టు. ముఖం మీద మాత్రం ఒక్క గీత కూడా లేదు. కిటికీ కర్టెన్ ఒక పక్క సరిగ్గా వేలాడుతోంది. రెండో పక్క కమ్మికి పురికొసతో కట్టి ఉంది. కట్టు వదులై కర్టెన్ జారినప్పుడల్లా ఎండ ఆయన కళ్లలో పడుతోంది. లేచి సర్దుకోవడానికి ఓపిక లేక ఆయన ముఖం పక్కకు తిప్పుకుంటున్నాడు.

"రోజంతా ఈ కుర్చీ, ఈ ఎండ. కమ్మి పొట్టిదైందట, కర్టెన్ నిలవదు," అన్నాడు విసుగ్గా.

"చివర ఊడిపోయింది. కొత్తది తెప్పించాలి," అంది ఆయన భార్య గబుక్కున. కమ్మి ఇత్తడిది. ఒక చివర గుండ్రటి గుబ్బ ఉంది. రెండో చివర లేదు.

"మేస్త్రి మీ చిన్ననాటి స్నేహితుడట?" అడిగింది అత్తగారు.

"స్నేహితుడే. నా చెయ్యి తీశాడు. నేననడం లేదు, వాడే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాడి తరఫున మీరు వాదిస్తారా?"

"వాదించడానికి నేను లాయర్ని కాదు. ఆ రోజు తుపాకి ఎలా కూరారు?"

"ఎప్పటిలాగే. కళ్లు మూసుకుని కూరగలను. మందు కొలిచి పోశాను. గుండు దించాను. గాటు బొటనవేలికి తగిలింది, ఆపాను. కాల్చేటప్పుడు ఎడమ చెయ్యి మొదలుకు జానెడు ముందు పట్టుకుంటాను. అక్కడే పేలింది."

"కర్రలో ఏమైనా తేడా అనిపించిందా?"

మాస్టారు ఆలోచించాడు. "కర్రలో ఏం తేడా ఉంటుంది. పైన పట్టు కాస్త చిక్కలేదు. వయసు మీద పడింది, చేతుల్లో బలం తగ్గిందనుకున్నాను."

"పోటీకి ముందు తుపాకి ఎక్కడుంది?"

"ఇదే బీరువాలో. తాళం నా దగ్గరే ఉంటుంది. మా అన్నగారింటికి వెళ్లిన రెండు రోజులూ తాళంచెవి ఇంట్లో వదిలి వెళ్లాను, అంతే. నా తుపాకి జోలికి పోయే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదు."

బావమరిది టీ తెచ్చి అందరికీ ఇచ్చాడు. అత్తగారు కప్పు కిటికీ గట్టు మీద పెడుతూ, అక్కడున్న ఒక నల్లటి రాయిని పక్కకు జరిపింది. నడుమ బాగా అరిగి గుంట పడింది. ఆ గుంటలో సన్నటి పసుపు చార ఉంది.

"ఇది మేస్త్రి సానరాయేనా?"

"వాడిదే," అన్నాడు మాస్టారు. "ఇస్తాను, ఇస్తాను అంటూనే రోజులు గడిచాయి."

"దీని మీద ఏం నూరుతుంటారు?"

"నా మడతకత్తి. ఇంకేముంది ఈ ఇంట్లో నూరడానికి?"

ఆవిడ టీ పూర్తిగా తాగింది. లేవబోతూ మామూలుగా అడిగింది. "ఆ కూరే కర్ర ఎక్కడుంది? సోమవారం దాకా నా దగ్గర ఉంచుకుంటాను."

"గొట్టం పేలితే కర్రనేం చేసుకుంటారు?" అన్నాడు మాస్టారు.

"గొట్టానికి సీలు వేశారు. దొరికిందే మహాప్రసాదం."

"మీకెందుకండీ శ్రమ, నేనే సోమవారం తీసుకొస్తాను," అన్నాడు బావమరిది, చేతిలో ట్రేతో గుమ్మం దగ్గరే నిలబడి.

"శ్రమేముంది బాబూ. మోసేది మా అల్లుడుగారే కదా."

వీధి మలుపు తిరిగాక ఆవిడ కర్ర పై చివరను అల్లుడి ముక్కు దగ్గర పెట్టింది. "ఏం వాసన?"

"నూనె... కాదండీ. బూట్ల పాలిష్."

"గోరుతో గీకి చూడండి. కింది చివర కూడా చూడండి."

"పాలిష్ కింద ఇత్తడి తొడుగు. నాలుగు వేళ్ల పొడవు పైనే ఉంది. కింది చివర మాత్రం వట్టి కర్రే."

"గాటు?"

"గాటు ఉంది. పాతదే. మట్టి పట్టి నల్లగా ఉంది. అంటే కర్ర అదే, గాటు అదే. మరి ఏం మారింది అత్తయ్యగారూ?"

"దేవుడు మీకు ముక్కు బాగా ఇచ్చాడు. మిగతాది సోమవారం ఇస్తాడు."

 ఆవిడకు తెలిసిపోయిందని అల్లుడికి అర్థమైంది. తెలిసినా ఆవిడ ముఖంలో సంతోషం లేదని కూడా అర్థమైంది.

*

సోమవారం అధికారి వచ్చి లక్క పగలగొట్టాడు. అత్తగారు ముందుగా కబురు పెట్టడంతో మాస్టారు, ఆయన భార్య, బావమరిది వర్క్‌షాపుకు వచ్చారు. మధ్య తలుపు కూడా తీశారు. మేస్త్రి వెలుగుకు కళ్లు చికిలించుకుంటూ బయటికి వచ్చి, తన లేత్ పక్కన పరాయివాడిలా నిలబడ్డాడు. మాస్టారు ఆయన వైపు చూడలేదు. మూసి ఉంచిన గదిలో గాలి బరువుగా ఉంది. అధికారి తలుపు దగ్గరగా వేయించి కాగితం తీశాడు.

"సంతకం పెడితే అయిపోతుంది. ఒప్పుకున్న కేసులో ఇంత మంది ఎందుకండీ?" అన్నాడు.

"ఒప్పుకున్నాడు కాబట్టే మీరెవరూ వెతకలేదు. దొంగే ఎదురొస్తే కుక్క కూడా మొరగదు కదా," అంది అత్తగారు. "ఆ తుపాకిని ఒక్కసారి ముట్టుకోనివ్వండి. తర్వాత సంతకం ఎవరిదో మీరే తేల్చుకుందురుగాని."

ఆవిడ పేలిన తుపాకిని బల్ల మీద తిన్నగా పెట్టించింది. కర్రను గొట్టం పైన, పక్కగా, పొడవునా పరిచింది. గాటును సరిగ్గా గొట్టం మూతికి సమానంగా జరిపింది.

"మాస్టారూ, ఆ రోజు గాటు మీ వేలికి తగలగానే ఆపారు. అప్పుడు కర్ర లోపల ఇంత దూరం వెళ్లింది. దాని కింది చివర ఎక్కడుందో చూడండి."

అందరూ వంగి చూశారు. కర్ర చివర ఉబ్బు మొదలయ్యే చోటికి సరిగ్గా వచ్చి ఆగింది. 

"గుండు అక్కడ ఆగిపోయింది. మందు ఇక్కడ, మొదట్లో ఉంది. మధ్య నాలుగు వేళ్ల ఖాళీ. గుండు బిరడాలా అడ్డం పడింది, అడ్డం పడ్డ చోటే గొట్టం ఉబ్బి చీలింది. ఉక్కులో లోపముంటే పగులు ఎక్కడైనా రావచ్చు. గుండు ఆగిన చోటే చూసుకుని రాదు. మందు ఎక్కువైతే మొదట్లో పేలి మీ ముఖం పోయేది. ముఖం మీద గీత లేదు."

"గాటు నేనే పెట్టాను," అన్నాడు మేస్త్రి.  "సరిగ్గానే పెట్టాను."

"గాటు సరిగ్గానే ఉంది. కర్ర రెండు చివరలూ చూడండి. ఈ పై తొడుగు మీరు పెట్టిందేనా?"

మేస్త్రి కర్రను చేతిలోకి తీసుకున్నాడు. చూడగానే తల అడ్డంగా తిప్పాడు. "నేను తొడుగు పెట్టింది కింది చివర, బొటనవేలి గోరంత. ఇది కాదు. దీనికి నునుపు లేదు, పనివాడు చేసింది కాదు."

"కింద కర్ర విరిగి పొట్టిదైతే, గాటు నుంచి చివరకు దూరం తగ్గుతుంది. అప్పుడు గాటు మూతికి తగిలినా గుండు ఇంకా పైనే ఉంటుంది. అయితే ఒక చిక్కుంది. కర్ర మొత్తం పొట్టిదైతే తుపాకి కింద దాని చోటులో లోపలికి దిగిపోతుంది, మాస్టారు వెంటనే కనిపెట్టేవారు. అందుకని ఆ చేసినవాడు పై చివర అంత మేర ఇత్తడి తొడిగాడు. మొత్తం కొలత సరిపోయింది. మాస్టారికి పట్టు చిక్కకపోతే వయసు అనుకున్నారు. ఇత్తడి మెరిసి కనిపించకుండా రంగు కూడా వేశాడు. ఆ రంగు బూట్ల పాలిష్."

 అందరి కళ్లూ ఒకే చోటికి దిగాయి. బావమరిది తన బూట్లను తానే చూసుకుంటున్నాడు.

"ఇత్తడి కర్టెన్ కమ్మిది. నూరింది ఈయన సానరాయి మీద. దాని మీద పసుపు చార ఇంకా ఉంది. చంపాలనుకున్నవాడు ఇంత తంటాలు పడి అతుకు వేయడు బాబూ. నువ్వే చెప్పు," అంది అత్తగారు.

బావమరిది గోడకు చేరగిలబడ్డాడు. తలుపు వైపు ఒకసారి చూశాడు. దగ్గరగా వేసి ఉంది.

"బావ ఊళ్లో లేనప్పుడు బీరువా తాళంచెవి అక్క దగ్గర అడిగాను," అన్నాడు. "ఒక్కసారి పట్టుకుని చూడాలనిపించింది. ఇన్నేళ్లుగా ఆ తుపాకి సంచీ మోస్తున్నాను, ఒక్కసారి కూడా చేతికివ్వలేదు. కర్ర గొట్టంలో పెట్టి తీస్తుంటే మూతికి తగిలి కింది చివర నాలుగు వేళ్ల మేర విరిగింది. బావ చూస్తే ఇంట్లోంచి పంపేస్తాడని భయమేసింది. విరిగిన చోట చదును చేసి, కమ్మి కోసి కింద తొడిగి చూశాను. లావై గొట్టంలో పట్టలేదు. ఎంత నూరినా తగ్గలేదు. చివరికి పైన తొడిగాను. మొత్తం కొలత సరిపోయింది కదా, అంతే చాలనుకున్నాను. ఆ గాటు దేనికో నాకు తెలియదు. బావ ఎప్పుడూ చెప్పలేదు."

"పేలాక ఎందుకు చెప్పలేదు?" అడిగాడు అధికారి.

"చెబుదామనే అనుకున్నాను. ఇంతలో మేస్త్రిగారు ఒప్పుకున్నారని తెలిసింది. అయితే గొట్టంలోనే లోపం ఉందేమో అనుకున్నాను. అలా అనుకుంటే హాయిగా ఉండేది. పగటిపూట హాయిగా ఉండేది."

మాస్టారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కమ్మి కోసింది చూశాను. దేనికని అడగలేదు. పేలాక అడగడానికి భయమేసింది. ఆయన చెయ్యి ఒక పక్క, వీడు ఒక పక్క. పురికొస కట్టి ఊరుకున్నాను."

 మాస్టారి కుడి చెయ్యి గాలిలో ఎడమ చేతి కోసం వెతికి, కట్టు మీద ఆగింది.

అధికారి కాగితం మడిచి మేస్త్రి వైపు తిరిగాడు. "చేయని దానికి ఎందుకయ్యా ఒప్పుకున్నావు?"

 అత్తగారే అందుకుంది. "తొలచడంలో వెంట్రుకవాసి తేడా లేదని నాతో అన్నారు. ఉక్కును దోషిగా నిలబెట్టడానికి ఒప్పుకున్నారు గానీ, తొలిచిన చేతి మీద మాట పడనివ్వలేదు. ఆ చెయ్యి ఎవరిదో చెబుతారా, నన్నే చెప్పమంటారా? మీరు ఒప్పుకోబట్టే కదా, ఇంకొకాయనకు నోరు మూసుకునే వీలు దొరికింది. మంచి మనసుతో వేసిన సీలైనా సీలే మేస్త్రిగారూ. లోపలున్నవాళ్లకు ఊపిరాడదు."

 మేస్త్రి వంచుకున్న తల ఎత్తాడు.

"రాసుకోండి సార్. ఆ గొట్టం నేను చేయలేదు. నా కూతురు చేసింది. అందులో ఏ లోపమూ లేదు."

లేత్ వెనక ఆ అమ్మాయి ముఖాన్ని రెండు చేతుల్లో దాచుకుంది. వేళ్ల సందుల్లోంచి నల్లటి గోళ్లు కనిపించాయి. అధికారి ఆ మాట రాసుకుని, బావమరిదిని వాంగ్మూలం ఇవ్వడానికి తన వెంట రమ్మన్నాడు. వెళ్తూ తలుపులు రెండూ బార్లా తెరిచి వెళ్లాడు. మాస్టారు ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా భార్య భుజం పట్టుకుని ఇంటికి నడిచాడు.

"ఆయన క్షమాపణ అడుగుతారనుకున్నానండీ," అన్నాడు అల్లుడు దారిలో.

"ఆజ్ఞలిచ్చి బతికిన మనిషి. ఆ మాట ఆయనకు పలకదు. ఇంకేదైనా వెతుక్కుంటాడులెండి."

సాయంత్రం మేస్త్రి కూతురు కిటికీ ఊచలు మళ్లీ బిగిస్తోంది. మేస్త్రి లేత్ మీది దుమ్ము తుడుస్తున్నాడు. వీధి గుమ్మంలో నీడ పడింది. మాస్టారు ఒంటరిగా వచ్చాడు. కుడి చేతిలో చేతిరుమాలులో చుట్టినదేదో ఉంది. ఒంటి చేత్తో ముడి విప్పలేక అలాగే బల్ల మీద పెట్టాడు. మేస్త్రి ముడి విప్పాడు. లోపల సానరాయి.

మేస్త్రి బొటనవేలు గుంటలో పెట్టి చూసుకున్నాడు.

"సగం అరగదీశావు," అన్నాడు.

"అరువు సరుకు కదా," అన్నాడు మాస్టారు.

మేస్త్రి కాలితో స్టూలు ముందుకు జరిపాడు. కిటికీ కింద ఇన్నాళ్లూ ఉన్న స్టూలే. మాస్టారు కూర్చున్నాడు. మేస్త్రి రాయి మీద రెండు చుక్కల నూనె వేసి, కూతుర్ని పిలిచి ఆమె చేతికిచ్చాడు.